మిరప పూత నుంచి మినుముల డబ్బా దాకా

ఈసారి ఉత్తరాలు గుట్టగా వచ్చాయి. సగానికి పైగా ఒకటే అడిగాయి: "ఏ మందు కొట్టాలి?" మందు పేరు కొట్టులో ఎవరైనా చెబుతారు. నేను ముందు పురుగు ఒంటి సంగతి చెబుతాను. అది ఎలా తింటుందో, ఎక్కడ గుడ్డు పెడుతుందో, ఎప్పుడు కుబుసం విడుస్తుందో తెలిస్తే, ఏ రోజు కొట్టాలో ఏ రోజు కొట్టడం దండగో రైతు తనే చెప్పగలడు. ఈ మాట నాకు మా నాన్న పత్తి చేలో తెలిసింది. ఆ సంగతి మొదటి జవాబులోనే వస్తుంది.

మేడికొండూరు మండలం నుంచి ఒక మిర్చి రైతు: మేడమ్ గారూ, రెండెకరాలు మిర్చి వేశాను. పూతలో నల్ల తామర పురుగు పడింది. మూడు వారాల్లో నాలుగుసార్లు మందు కొట్టాను. కొట్టిన రోజు చస్తుంది, నాలుగో రోజుకల్లా పువ్వుకు పది పదిహేను కనబడుతున్నాయి. పూతంతా రాలిపోతోంది. నాకు కల్తీ మందు అంటగట్టారంటారా?

అన్నగారూ, కల్తీ మందులు లేవని నేననను. కానీ "కొట్టిన రోజు చస్తుంది" అని మీరే రాశారు. అంటే మందు పనిచేసింది. మందు అందని చోట దాక్కున్నవి మళ్లీ పైకొచ్చాయి.

రేపు పొద్దున ఎండ ముదరకముందు ఒక పువ్వు కోసి తెల్ల కాగితం మీద తట్టండి. నల్లదారపు ముక్కల్లాంటివి రాలి పరుగులు తీస్తాయి. ఒక్కోటి మిల్లీమీటరు పొడవు, అంతే. నల్లవి ఆడవి. వాటి మధ్యలో లేతపసుపు రంగులో, ఇంకా చిన్నగా ఉన్నవి మగవి. భూతద్దం పెట్టి చూస్తే రెక్కల అంచున దువ్వెన పళ్లలా వెంట్రుకలు కనిపిస్తాయి. దీని నోరు చాలా విచిత్రం. పనిచేసే దవడ ఒక్కటే, ఎడమది. కుడి దవడ ఎదగనే ఎదగదు. ఆ ఒంటి దవడతో కణం గోడకు పొడిచి, సూదుల్లాంటి రెండు భాగాలను గొట్టంలా కలిపి లోపలికి దించి, రసం పీల్చేస్తుంది. ఖాళీ అయిన కణంలోకి గాలి చేరుతుంది కాబట్టి ముందు వెండిలా మెరుస్తుంది, ఆ తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. పువ్వులో ఇలా ఒకేసారి పదిహేను పురుగులు పీలిస్తే పిందె కట్టేదెక్కడ?

ఇప్పుడు మీ నాలుగో రోజు లెక్క. ఆడపురుగు గుడ్డును ఆకు మీద పెట్టదు, మొక్క కండలోకి గుచ్చి లోపల పెడుతుంది. పైన పడ్డ మందు చాలావరకు దాన్ని తాకదు. పొదిగిన పిల్ల పురుగులు రెండు దశలు పూతలో, ఆకులో తిని, తిండి మానేసి చాలావరకు నేలలోకి దిగుతాయి. అక్కడ మట్టిలో, రాలిన ఆకుల కింద, మరో రెండు దశలు తిండీ తిప్పలూ లేకుండా గడిపి, రెక్కలొచ్చాక పైకి ఎగిరి పువ్వులో వాలతాయి. తిననిదానికి కడుపులోకి పోయి చంపే మందు ఎక్కడానికి దారి లేదు. మొత్తం రెండు వారాల వ్యవహారం. మీరు కొట్టిన రోజున పువ్వులో ఉన్నవి చచ్చాయి. కండలో గుడ్లు, మట్టిలో నిద్రపోతున్నవి అలాగే ఉన్నాయి. నాలుగో రోజు మీరు చూసినవి ఆ మట్టిలోంచి వచ్చినవే.

ఇంకో సంగతి ఉంది, ఇది నన్ను ఎక్కువ భయపెడుతుంది. తామర పురుగులో మగదానితో కలవని ఆడది కూడా గుడ్లు పెడుతుంది, వాటిలోంచి మగవే పుడతాయి. ఆ మగదాని ఒంట్లో ప్రతి జన్యువుకూ ఒక్క ప్రతే ఉంటుంది. మందుకు తట్టుకునే గుణం దానిలో ఉందంటే దాచేందుకు రెండో ప్రతి లేదు, వెంటనే బయటపడుతుంది. మందు మిగతావాటిని ఊడ్చేస్తే ఆ మొండిదే మిగిలి సంతానాన్ని పెంచుతుంది. నాలుగుసార్లు ఒకే రకం మందు కొడితే మీరు చేలో మొండి పురుగుల్ని ఏరి పెంచినట్టే. సీసా మీద పెద్దక్షరాల్లో ఉండే పేరు చూసి మార్చానని అనుకోకండి. కింద చిన్న అక్షరాల్లో ఉండే టెక్నికల్, అంటే అసలు పనిచేసే రసాయనం పేరు చూడండి. నాలుగు సీసాలకు నాలుగు పేర్లుండి టెక్నికల్ ఒకటే అయిన సందర్భాలు నేను చేలగట్ల మీద ఎన్నో చూశాను. టెక్నికల్ మారినా పనిచేసే తీరు మారకపోతే లాభం లేదు. ఒకటి నరాల మీద పనిచేసేదైతే తర్వాతది వేరే తీరుదై ఉండాలి. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడిగితే ఏది ఏ రకమో చెబుతారు.

1987లో నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుతున్నాను. ప్రత్తిపాడు దగ్గర మా నాన్న మూడెకరాలు పత్తి వేశాడు. పైరెథ్రాయిడ్ మందులు కొత్తగా వచ్చి అంతకుముందు మంత్రంలా పనిచేశాయి. ఆ ఏడు శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. సెలవులకు ఇంటికెళితే నాన్న ఒక కాయ తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. ముందురోజు సాయంత్రం కొట్టిన మందు వాసన దాని మీద ఇంకా పోలేదు. పురుగు తల లోపల పెట్టి, తోక బయట పెట్టి, తీరిగ్గా తొలుస్తోంది. కొట్టులో డోసు పెంచమన్నారు. పెంచాడు. రెండు మందులు కలపమన్నారు. కలిపాడు. ఆ సీజనులో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా నాన్న బతికాడు, అప్పు తీరడానికి మాత్రం తొమ్మిదేళ్లు పట్టింది.

ఆ పురుగు ఒంట్లో ఏం జరిగిందో నాకు తర్వాత చదువులో తెలిసింది. మన కాలేయంలో ఉన్నట్టే దాని పేగులోనూ, కొవ్వులోనూ విషాన్ని విరిచే ఎంజైములుంటాయి. వీటిని పీ450 ఎంజైములంటారు. మొక్కలు తమను తినకుండా తయారుచేసుకునే చేదు రసాయనాలను విరగ్గొట్టడానికి ఈ జాతికి అవి ఎప్పటినుంచో ఉన్నాయి. శనగ, కంది, టమాటా, మిర్చి, పత్తి ఇన్ని తినే పురుగుకు ఈ సామాను మరీ ఎక్కువ. మనం కొట్టిన మందు దానికి ఇంకో చేదు మొక్క లాంటిదే అయింది. మందు సరైనదే. పురుగే మారింది.

అందుకని మీ చేలో, అన్నగారూ: ఎకరమంతా నీలి రంగు జిగురు అట్టలు కట్టండి, ఈ పురుగు కంటికి నీలం ఇష్టం. రాలిన పూతను చేలో వదలకుండా ఏరి తీసేయండి. యూరియా తగ్గించండి. ఈ ఏడు మీకు ఆలస్యమైంది గానీ వచ్చే ఏడు చుట్టూ రెండు మూడు వరుసలు జొన్నో మొక్కజొన్నో వేయండి, ప్లాస్టిక్ మల్చింగ్, అంటే మొక్కల మొదట్లో మట్టిని ప్లాస్టిక్ షీటుతో కప్పడం, చేసుకోగలిగితే పురుగు మట్టిలోకి దిగే దారి తగ్గుతుంది. కనబడినవన్నీ చంపే ఘాటైన మందులు వద్దు. ఈ తామర పురుగును తినే చిన్న నల్లులు పువ్వులోనే తిరుగుతుంటాయి, ముందు అవి చస్తాయి.

కంకిపాడు నుంచి ఒక వరి రైతు: బీపీటీ 5204 వేశాం. చేను మధ్యలో గుండ్రంగా ఎండుతోంది, సుడిదోమ అంటున్నారు. పక్క చేను పచ్చగా ఉంది. మా చేనికే ఎందుకు పట్టింది?

గట్టు మీద నుంచి చూస్తే కనబడదు. దుబ్బుల్ని చేత్తో విడదీసి, నీళ్ల పైన మొదట్లో చూడండి. గోధుమ రంగు దోమలు గుంపుగా పట్టుకుని ఉంటాయి. వాటి రెక్కల్ని గమనించండి. కొన్నిటికి ఒళ్లంతా కప్పే పొడుగు రెక్కలు, కొన్నిటికి సగం వీపు దాకానే పొట్టి రెక్కలు. రెండూ ఒకే జాతి. పిల్లదశలో ఉన్నప్పుడు తిండి బాగుంటే, గుంపు పలుచగా ఉంటే ఎక్కువ పొట్టి రెక్కలవి అవుతాయి. అవి ఎగరలేవు, ఆ బలమంతా గుడ్లకు పెడతాయి. మొక్క నీరసించి, గుంపు ఒత్తిడి పెరిగితే పొడుగు రెక్కలొచ్చి వేరే చేనికి ఎగిరిపోతాయి. ఈ మార్పు దోమ ఒంట్లో రెండు ఇన్సులిన్ గ్రాహకాల (ఇన్సులిన్ కబురును కణానికి అందించే భాగాల) మధ్య తూకంతో జరుగుతుందని 2015లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. మన షుగరు జబ్బులో వినే ఆ ఇన్సులిన్ దారే ఇక్కడ రెక్కను నిర్ణయిస్తోంది. చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

మీ చేనికే ఎందుకంటారా? ఎన్ని కట్టలు యూరియా వేశారో మీరు రాయలేదు, నేను ఊహించగలను. దోమ పీల్చేది మొక్క ఆహారం ప్రవహించే నాళంలోని రసం. అందులో చక్కెర దండిగా, మాంసకృత్తుల సరుకు బహు కొంచెం. ఆ కొంచెం కోసం చాలా రసం తాగి, మిగిలిన తీపిని కిందకు వదులుతుంది. కాండం మీద జిగటగా తగిలి, తర్వాత నల్లటి బూజు పట్టేది అదే. నత్రజని ఎక్కువేస్తే రసంలో ఆ సరుకు పెరుగుతుంది. దోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. బీపీటీ 5204 మన బాపట్ల బిడ్డే, దాని అన్నం రుచి నాకూ ప్రాణం, కానీ సుడిదోమకు అది తట్టుకోదు.

వెంటనే నీళ్లు తీసేసి చేను ఆరబెట్టండి. మందు కొట్టాల్సి వస్తే దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టండి, ఆకుల పైన కాదు. పైరెథ్రాయిడ్ మందుల జోలికి అస్సలు పోవద్దు. అవి సాలీళ్లను చంపుతాయి, పైగా దోమ ఇంకా ఎక్కువ గుడ్లు పెట్టేలా చేస్తాయి. ఈసారి నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. గాలీ వెలుతురూ మొదట్లోకి పోతే దానికి పడదు.

దుగ్గిరాల నుంచి ఒక గృహిణి: అమ్మా, కొత్త మినుములు బాగా ఎండబెట్టి, స్టీలు డబ్బాలో పోసి గట్టిగా మూత పెట్టాను. రెండు నెలలకు తీస్తే గింజ గింజకూ బెజ్జం, లోపల పురుగులు. మూత పెట్టిన డబ్బాలోకి ఎలా వచ్చాయి? చుక్క నీరు లేకుండా ఎలా బతికాయి?

ఇంతమంచి ప్రశ్న ఈ మధ్య నాకు రాలేదు. మొదటిదానికి జవాబు: అవి డబ్బాలోకి రాలేదు, మీరే పోశారు. చేలో కాయ పండే వేళకే ఈ పుచ్చ పురుగు వచ్చి కాయ మీద గుడ్డు పెడుతుంది. పొదిగిన పురుగు కాయను తొలిచి గింజలోకి పోతుంది. కళ్లంలో మీకు కనిపించేది నిగనిగలాడే గింజ.

ఇప్పుడు ఆ మినుముల్లో గుప్పెడు తీసుకుని వెలుతురులో చూడండి. నల్ల గింజ మీద ఆవగింజ కంటే చిన్నవి, అంటించినట్టున్న చుక్కలు ఉంటాయి. గోటితో గీకినా అంత సులభంగా ఊడవు, డబ్బాలోనే బయటపడ్డ ఆడపురుగు జిగురుతో అంటించిన గుడ్లవి. కొన్ని చుక్కలు గాజులా ఉంటాయి, కొన్ని సున్నం చుక్కల్లా తెల్లగా ఉంటాయి. తెల్లవే ప్రమాదం. గుడ్డులోని పిల్ల పురుగు బయటికి రాకుండా, గుడ్డు అడుగు నుంచే నేరుగా గింజలోకి తొలుచుకుపోతుంది. తొలిచిన పిండిని వెనక్కి, ఖాళీ గుడ్డు పెంకులోకి తోస్తుంది. ఆ పిండే తెలుపు. లోపలే తిని పెరిగి, ప్యూపా (రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ) అయ్యే ముందు గింజ పొట్టు దాకా గుండ్రంగా తొలిచి, పలచటి పొర మాత్రం వదులుతుంది. భూతద్దంలో చూస్తే చిన్న గుండ్రటి కిటికీ. రెక్కలొచ్చాక ఆ కిటికీ తోసుకుని బయటపడుతుంది. మీరు చూసిన బెజ్జాలు అవి బయటికొచ్చిన దారులు.

ఇక నీళ్లు. అది తాగదు, తయారుచేసుకుంటుంది. కొవ్వునూ పిండినీ ఒంట్లో మండించినప్పుడు నీరు పుడుతుంది. 100 గ్రాముల కొవ్వు పూర్తిగా ఖర్చయితే దాదాపు 107 గ్రాముల నీరు వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ కలవడంతో కొవ్వు కంటే నీరే ఎక్కువ తూగుతుంది. పిండి పదార్థమైతే 100కి 55 దాకా. మినపగింజలో పిండి ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. వచ్చిన చుక్కను అది పోగొట్టుకోదు. మనలా మూత్రంగా పారబోయకుండా వ్యర్థాన్ని పొడి యూరిక్ ఆమ్లంగా విసర్జిస్తుంది, చివరి తడిని పేగు చివర మళ్లీ పీల్చేసుకుంటుంది. ఒంటి పెంకు పైన సన్నటి మైనపు పూత. ఆ పూత ఉన్నంతకాలం నీరు ఆవిరైపోదు.

మా అమ్మమ్మ అలసందలకు బూడిద కలిపి కుండలో పోసేది, కందులకు ఎర్రమట్టి పట్టించేది. చాదస్తమనుకునేదాన్ని. బూడిద రేణువులు ఆ మైనాన్ని గీకి, పీల్చేస్తాయి. పూత పోయిన పురుగు తన ఒంట్లోని నీళ్లు ఆవిరై ఎండి చస్తుంది. ఆవిడ చదువుకోలేదు, ఇదంతా చేత్తో చేసింది.

మీకు చెప్పేది: మినుముల్ని ఇంట్లోకి తేగానే నల్ల టార్పాలిన్ మీద పలచగా పరిచి, మీద పారదర్శకంగా ఉండే పాలిథిన్ కప్పి, ఏప్రిల్, మే ఎండలో రెండు మూడు రోజులు పెట్టండి. లోపల వేడి 50 డిగ్రీలు దాటి గింజలోని పురుగు చస్తుంది. (విత్తనానికి దాచేవాటిని ఇంత వేడి చేయవద్దు.) చల్లారాక కిలోకు 5 మిల్లీలీటర్ల నువ్వుల నూనో వేరుశనగ నూనో పట్టించి డబ్బాలో పోయండి. గుడ్డు ఊపిరి పీల్చేది పెంకు మీది రంధ్రాల్లోంచి. నూనె వాటిని మూసేస్తుంది. ఒక్కసారి తొక్క తీసి పప్పు చేసి దాస్తే ఇంకా మంచిది, బద్దలో ఈ పురుగుకు ఇల్లు సరిపోదు.

విజయవాడ, గుణదల నుంచి ఒక ఉద్యోగి: ఊరి నుంచి ఆరు బస్తాల బియ్యం తెచ్చాం, ముక్కపురుగు పట్టింది. మిల్లులో వాడే బిళ్లలు తెచ్చి బస్తాల్లో పెడదామని మా బావమరిది అంటున్నాడు. ఫ్లాటులో పెట్టొచ్చా?

వద్దు. ఈ పత్రిక చేతికొచ్చేసరికి తెచ్చి ఉంటే ముట్టుకోకుండా, నీళ్లు తగలనీయకుండా, పిల్లల్ని తీసుకుని ఇంట్లోంచి బయటికి వచ్చేసి, అగ్నిమాపక శాఖ వాళ్లను 101లో పిలవండి.

అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. పురుగుకు ఊపిరితిత్తులు లేవు, ఒంటి పక్కల వరుసగా ఉన్న రంధ్రాల నుంచి సన్నటి గొట్టాలు ప్రతి కణం దాకా గాలిని నేరుగా మోస్తాయి. ఫాస్ఫీన్ ఆ దారిన పోయి, కణంలో ఆక్సిజన్‌ను వాడుకునే యంత్రాన్ని ఆపేస్తుంది. ఆ యంత్రం మీ ఒంట్లోనూ అదే, మీ పాప ఒంట్లోనూ అదే. దీనికి విరుగుడు మందు లేదు. తలుపు సందుల్లోంచి, గోడ పగుళ్లలోంచి పక్క ఫ్లాటుకూ పోతుంది. గోదాముల్లో టార్పాలిన్ కప్పి, శిక్షణ పొందినవాళ్లు, లెక్క ప్రకారం వాడేది అది. పడుకునే ఇంట్లో ఒక్క బిళ్ల కూడా వద్దు. మీ బావమరిదికి ఈ పేజీ చూపించండి.

ఆరు బస్తాల్లో నాలుగు అయినవాళ్లకు పంచేయండి. మిగిలినవి జల్లించి, కొద్దికొద్దిగా గట్టిగా మూతపడే డబ్బాల్లో పోసుకోండి. చిన్న మొత్తాలైతే వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే గింజ లోపలున్నవీ చస్తాయి.

పెదనందిపాడు నుంచి ఒక యువరైతు: శనగలో పచ్చపురుగుకు 5 శాతం వేపగింజల కషాయం కొట్టాను. మూడు రోజులైనా పురుగు తిరుగుతూనే ఉంది. వేప మాటలన్నీ ఉత్తివేనా?

తమ్ముడూ, చచ్చిన పురుగుల్ని లెక్కపెట్టవద్దు, కొత్తగా పడ్డ బెజ్జాల్ని లెక్కపెట్టు. వేపలోని అజాడిరక్టిన్ నరాల మీద కొట్టే మందు కాదు. పురుగు పెరగాలంటే పాత తోలు వదలాలి, అందుకు ఒంట్లో ఎక్డైసోన్ అనే హార్మోను సమయానికి ఊరాలి. వేప ఆ సమయాన్ని చెడగొడుతుంది. పురుగు ముందు తిండి తగ్గిస్తుంది, తర్వాత కుబుసం సగంలో ఇరుక్కుని చస్తుంది. దానికి వారం పడుతుంది. బాగా ఎదిగిన లావు పురుగు మీద ఇది పెద్దగా పనిచేయదు, గుడ్డు పగిలిన రెండు మూడు రోజుల పిల్లల మీదే కొట్టాలి. ఎండకు విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం కొట్టు.

గుంటూరు, బ్రాడీపేట నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి: ఆంటీ, మా అమ్మ ఎండుమిర్చి డబ్బాలో పురుగులున్నాయి. గుంటూరు మిర్చి మాకే కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది కదా, పురుగుకు కారం మండదా?

మండదు తల్లీ. కారం రుచి కాదు, అది నరం చేసే పొరపాటు. మన నాలుక మీది నరాల్లో వేడిని పసిగట్టే ఒక తలుపు ఉంది, పేరు టీఆర్‌పీవీ1. మిర్చిలోని క్యాప్సైసిన్ ఆ తలుపును తెరుస్తుంది, మెదడు నోరు కాలిందనుకుంటుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. చిలకల్లాంటి పక్షులకు ఆ తలుపు ఉన్నా క్యాప్సైసిన్‌కు తెరుచుకోదు. పురుగులకైతే క్యాప్సైసిన్‌కు తెరుచుకునే ఆ తలుపే లేదు.

మీ డబ్బాలో ఉన్నది గోధుమ రంగులో, గుండ్రంగా, తల కిందికి వంచుకుని ఉంటే దాన్ని సిగరెట్ పురుగు అంటారు. మిర్చి యార్డులో, పొగాకు గోదాముల్లో, దుగ్గిరాల పసుపులో, మన ఊరు బతికే మూడు సరుకుల్లోనూ ఉండేది ఇదే. పొగాకులో నికోటిన్ ఉంటుంది, అది పురుగుల్ని చంపే విషం. దాన్ని కూడా ఇది తినేస్తుంది. దీని పేగు మొదట్లో చిన్న సంచులున్నాయి, వాటి నిండా ఈస్టు లాంటి సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. సారం లేని తిండిలో దొరకని విటమిన్లు అవి చేసిస్తాయి, విషాలను విరగ్గొట్టడంలోనూ చేయి వేస్తాయి. తల్లి పురుగు గుడ్డు పెట్టేటప్పుడు ఆ ఈస్టును పెంకు మీద పూస్తుంది. పిల్ల పురుగు బయటికొస్తూ చేసే మొదటి భోజనం ఆ పెంకే.

డబ్బా అడుగున ఉన్న ఎర్రపొడిని ఒక తెల్ల కాగితం మీద వేసి ఐదు నిమిషాలు కదలకుండా చూడు. కళ్లకు దూరంగా పెట్టుకో. అందులో ఒక పొడి రేణువు నడవడం మొదలుపెడుతుంది.